ఆసుపత్రిలో రోగి మరణిస్తే కోర్టు ఏమి అడుగుతుంది?

పట్నంలోని నర్సింగ్ హోంలో చేర్చిన మనిషి ప్రాణంతో తిరిగి రాకపోతే తరువాత జరిగే తతంగం పల్లెల్లో అందరికీ తెలిసిందే. బంధువులు శవంతో గేటు ముందు బైఠాయిస్తారు. అద్దాలు పగులుతాయి. పోలీసులు వస్తారు. ఊరి పెద్దలు లోపలికి వెళ్లి డాక్టరుతో మాట్లాడతారు. చీకటి పడేలోగా ఎంతో కొంత మొత్తం తేలుతుంది. తెల్లకాగితం మీద సంతకాలో, వేలిముద్రలో పడతాయి. శవం ఊరికి చేరుతుంది. కర్మకాండలు ముగిశాక కుటుంబం లెక్క చూసుకుంటే చేతికి వచ్చిన సొమ్ము వైద్యం కోసం చేసిన అప్పుకే చాలదు. కోర్టుకు వెళితే న్యాయం జరుగుతుందా అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. అప్పటికి పోస్టుమార్టం లేకుండానే దహనం అయిపోయి ఉంటుంది. ఆసుపత్రి కాగితాలు ఆసుపత్రిలోనే ఉండిపోతాయి.

ఇలాంటి కేసులను కోర్టులు ఎలా తేలుస్తాయో ముందుగా తెలియకపోవడం వల్లనే ఈ నష్టం ఎక్కువగా జరుగుతోంది. సుప్రీంకోర్టు 1968 నుంచి ఇస్తూ వచ్చిన తీర్పులను వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. రోగి మరణించినంత మాత్రాన ఆసుపత్రి తప్పు చేసిందని ఏ కోర్టూ అనదు. మరణానికి ముందు గంటల్లో, రోజుల్లో డాక్టర్లు ఏమి చేశారు, ఏమి చేయవలసి ఉండి చేయలేదు అన్నదే విచారణకు వస్తుంది. ఆ గంటల్లో జరిగినదంతా కాగితం మీద ఉంటుంది. కేసు నిలిచినా, కూలినా ఆ కాగితం మీదనే.

డాక్టరు బాధ్యత ఎంతవరకు?

ఈ చట్టానికి పునాది వేసిన కేసు కొంకణ తీరం నుంచి వచ్చింది. 1953 మే నెలలో రత్నగిరి జిల్లాలోని ఒక పల్లెలో, సముద్రపుటొడ్డున 20 ఏళ్ల యువకుడికి తొడ ఎముక విరిగింది. సుమారు 200 మైళ్ల దూరంలోని పూణేకు తీసుకువెళ్లారు. అక్కడి డాక్టరు తగిన మత్తు ఇవ్వకుండానే విరిగిన కాలును లాగి సరిచేసి కట్టు కట్టాడు. ఆ రోజే యువకుడు మరణించాడు. ఆ బాధకు కలిగిన షాక్ వల్లనే ప్రాణం పోయిందని కోర్టులు తేల్చాయి. తండ్రికి దక్కిన పరిహారం 3,000 రూపాయలు. 1968లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

రోగిని చేర్చుకున్న డాక్టరుకు మూడు బాధ్యతలు ఉంటాయని ఆ తీర్పు చెప్పింది. కేసు చేపట్టాలా వద్దా అని నిర్ణయించడంలో జాగ్రత్త మొదటిది. ఏ చికిత్స ఇవ్వాలో నిర్ణయించడంలో జాగ్రత్త రెండవది. ఆ చికిత్సను అమలు చేయడంలో జాగ్రత్త మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా రోగి తరఫువారు దావా వేయవచ్చు.

ఆ జాగ్రత్తను కొలిచే కొలబద్ద ఏమిటన్నది తరువాతి ప్రశ్న. అదే వైద్యం చేసే సామాన్యమైన, సమర్థుడైన మరో డాక్టరు ఆ స్థితిలో ఏమి చేసి ఉండేవాడో దానితో కోర్టు పోల్చి చూస్తుంది. ఇంగ్లాండులో 1957లో ఒక కేసులో పుట్టిన ఈ కొలతను మన సుప్రీంకోర్టు 2005లో విపులంగా చర్చించి ఆమోదించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరును మహానగరంలోని నిపుణుడితో పోల్చరు. అందరిలోకీ గొప్ప డాక్టరు అయితే ఏమి చేసేవాడు అని కూడా అడగరు. ఆ చదువు చదివినవారిలో సాధారణంగా ఉండవలసిన నేర్పు, జాగ్రత్త ఉన్నాయా లేవా అన్నంతవరకే చూస్తారు.

హైదరాబాదు జ్వరం కేసు

తెలుగునాట ప్రతి కుటుంబం తెలుసుకోదగ్గ కేసు హైదరాబాదులోనే జరిగింది. 2002 జులైలో ఒక మహిళకు వచ్చిపోయే జ్వరం, చలివణుకు పట్టుకున్నాయి. భర్త ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ టైఫాయిడ్ అనుకుని మందులిచ్చారు. జ్వరం తగ్గలేదు. రోజురోజుకూ పరిస్థితి దిగజారింది. చివరకు మరో పెద్ద ఆసుపత్రికి తరలించేసరికి ఆమె దాదాపు ప్రాణం లేని స్థితిలో ఉంది. అక్కడి రక్తపరీక్షలో మలేరియా క్రిములు కనిపించాయి. టైఫాయిడ్ పరీక్షలో ఏమీ తేలలేదు. ఆమె దక్కలేదు.

భర్త జిల్లా వినియోగదారుల ఫోరంను ఆశ్రయించాడు. చలితో వచ్చిపోయే జ్వరానికి మలేరియా వైద్యం చేయకుండా టైఫాయిడ్ వైద్యం చేయడం నిర్లక్ష్యమేనని ఫోరం తేల్చింది. 2 లక్షల రూపాయల పరిహారం, ఆసుపత్రికి కట్టిన దానిలో 10,000 రూపాయలు వాపసు ఇవ్వాలని ఆదేశించింది. ఆసుపత్రి అప్పీలు చేయగా రాష్ట్ర కమిషన్ ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నిపుణుడైన డాక్టరును సాక్షిగా తీసుకురాలేదన్నది ముఖ్యమైన ఆక్షేపణ. జాతీయ కమిషన్ కూడా రాష్ట్ర కమిషన్‌నే సమర్థించింది. భర్త వదలలేదు. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం ఉత్తర్వునే తిరిగి నిలబెట్టింది.

ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం ఉండి తీరాలన్న నియమం లేదని ఆ తీర్పు సారాంశం. చిక్కుగా ఉన్న కేసులలో నిపుణుడి అభిప్రాయం కావాలి. తప్పు కళ్లకు కనిపిస్తున్న కేసులలో అక్కరలేదు. అన్ని కేసులకూ నిపుణుడిని తెమ్మంటే సామాన్యుడి కోసం పెట్టిన వినియోగదారుల చట్టం సామాన్యుడికే అందకుండా పోతుంది. ఒక డాక్టరు మరో డాక్టరుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి ముందుకు రావడం ఎంత అరుదో తెలిసినవారికి ఈ తీర్పు విలువ తెలుస్తుంది.

ఈ కేసులో మరో విశేషం ఉంది. భర్త మలేరియా శాఖలో అధికారి. భార్యకు వచ్చింది ఏ జ్వరమో పసిగట్టగలిగిన మనిషి. 1953 నాటి కేసులో చనిపోయిన యువకుడి తండ్రి కూడా స్వయంగా వైద్యవృత్తిలో ఉన్నవాడే. 1998లో భార్యను పోగొట్టుకుని, 15 ఏళ్లు పోరాడి, 2013లో సుమారు 5 కోట్ల 96 లక్షల రూపాయల పరిహారం సాధించిన భర్త కూడా డాక్టరే. పేరుమోసిన ఈ మూడు కేసులలోనూ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగల చదువు బాధితుడి ఇంట్లోనే ఉంది. వరి, మిరప పండించుకునే కుటుంబానికి ఆ చదువు ఉండదు. దానికి బదులు నిలబడగలిగినవి కాగితాలు మాత్రమే. హైదరాబాదు కేసులో మొదటి ఆసుపత్రి వైద్యాన్ని నిలదీసింది రెండో ఆసుపత్రి రక్తపరీక్ష కాగితమే.

ఓడిపోయిన కేసులు

గెలిచిన కేసులే పత్రికలకు ఎక్కుతాయి. ఓడినవి కూడా చూస్తేనే కోర్టు ఆలోచన పూర్తిగా అర్థమవుతుంది. 1990లో ఢిల్లీలో కణితి ఆపరేషను తరువాత ఒక రోగి మరణించాడు. ముందు వైపు నుంచి కోయడం తప్పనీ, వెనుక వైపు నుంచి కోయవలసిందనీ కుటుంబం వాదించింది. 45 లక్షల రూపాయలు కోరింది. వైద్యశాస్త్రం ఒప్పుకున్న రెండు పద్ధతులలో ఒకదాన్ని డాక్టరు ఎంచుకుంటే అది నిర్లక్ష్యం కాదంటూ 2010 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దావాను తోసిపుచ్చింది. హైదరాబాదు జ్వరం కేసు తీర్పు వచ్చింది సరిగ్గా ఆ మరుసటి నెలలోనే. రెండింటికీ తేడా స్పష్టం. ఒకదానిలో డాక్టరు రెండు సరైన దారులలో ఒకటి ఎంచుకున్నాడు. రెండవదానిలో లక్షణాలు ఒక జబ్బువైపు చూపిస్తుంటే వైద్యం మరో జబ్బుకు జరిగింది.

2021లో ఇటువంటివే మరి రెండు తీర్పులు వచ్చాయి. ప్రతి మరణాన్నీ పైకి చూసి నిర్లక్ష్యం అనలేమని సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ముంబయి కేసు ఒకదానిలో జాతీయ కమిషన్ 14 లక్షల 18 వేల రూపాయలకు పైగా ఇచ్చిన పరిహారాన్ని నవంబరులో రద్దు చేసింది. పెద్ద డాక్టరు రాత్రింబవళ్లు మంచం పక్కనే ఉండాలని ఆశించరాదనీ, ప్రాణానికి ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడనీ పేర్కొంది. "డాక్టరు రాత్రికి ఇంటికి పోయాడు, అందుకే చనిపోయాడు" అన్న ఒక్క మాట మీద కేసు నిలవదని దీన్ని బట్టి గ్రహించాలి. డాక్టరు లేని వేళ రోగి స్థితిని ఎవరు చూశారు, ఏ పరీక్ష ఆగిపోయింది, దానివల్ల ఏమి జరిగింది అని చూపగలిగితేనే ఫిర్యాదుకు బలం వస్తుంది.

అలా చూపగలిగిన కేసు భోపాల్‌ది. 2009 నవంబరులో డెంగీ జ్వరంతో ఉదయం ఆసుపత్రిలో చేరిన మహిళ అదే రాత్రి మరణించింది. డెంగీ రోగికి రక్తపరీక్షలు వెంటవెంటనే చేస్తూ ఉండాలి. అక్కడ ఉదయం చేసిన పరీక్ష మళ్లీ సాయంత్రం వరకు జరగలేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆసుపత్రిని బాధ్యురాలిని చేసి, రాష్ట్ర కమిషన్ ఇచ్చిన 6 లక్షల పరిహారాన్ని 15 లక్షలకు పెంచింది. ఉద్యోగం చేయని ఇల్లాలి చాకిరీకి కూడా డబ్బు విలువ ఉందని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది. "ఆమె సంపాదించేది కాదు గదా, పరిహారం ఏమి వస్తుంది?" అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

సర్కారు దవాఖాన అయితే?

మహారాష్ట్రలోని ఔరంగాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో 1963 జులైలో ఒక తల్లికి కాన్పు తరువాత కుటుంబ నియంత్రణ ఆపరేషను చేశారు. రక్తం తుడిచే గుడ్డ కడుపులోనే ఉండిపోయింది. మళ్లీ కోసి తీసినా ఆమె బ్రతకలేదు. గుడ్డ లోపల ఎలా మిగిలిందో బాధితుడు రుజువు చేయనవసరం లేదని, జరిగిన సంగతే నిర్లక్ష్యానికి సాక్ష్యమని కోర్టు భావించింది. డాక్టర్లలో ఎవరి చేయి జారిందో తేలకపోయినా ఆసుపత్రి నడిపే ప్రభుత్వమే బాధ్యత వహించాలని చెప్పింది. పరిహారం 36,000 రూపాయలు. సుప్రీంకోర్టులో చివరి మాట వెలువడింది 1996లో. తల్లి మరణించి అప్పటికి 33 ఏళ్లు.

ప్రభుత్వ ఆసుపత్రిపై దావా ఉండదన్న అపోహ చాలామందిలో ఉంది. ఉంటుంది, తలుపు వేరు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం కిందికి రావని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అక్కడ జరిగిన తప్పుకు సివిలు కోర్టుకు వెళ్లాలి. కొందరి వద్ద డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే ఉచిత రోగి కూడా వినియోగదారుడే. రోగి బదులు బీమా కంపెనీయో, యజమానియో బిల్లు కడితే అది ఉచిత సేవ కాదని కూడా ఆ తీర్పే చెప్పింది. ప్రభుత్వ పథకం కార్డు మీద ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారు వకీలుతో మాట్లాడేటప్పుడు ఈ సూత్రాన్ని ప్రస్తావించాలి.

పల్లె వైద్యుడి మాట

గ్రామాల్లో జ్వరం వస్తే మొదట చేయి పట్టి చూసేది డిగ్రీ లేని వైద్యుడే. 1992లో ముంబయిలో ఒక వ్యక్తికి జ్వరం వస్తే హోమియోపతి వైద్యుడు ఇంగ్లీషు మందులు ఇచ్చాడు. మొదట విషజ్వరం అన్నాడు, తరువాత టైఫాయిడ్ అన్నాడు. రోగి చివరకు ఆసుపత్రిలో మరణించాడు. తాను చదవని వైద్యం చేయడమే స్వయంగా నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో తేల్చి 3 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. మందు మంచిదా, చెడ్డదా అన్న చర్చ దాకా కూడా కోర్టు పోలేదు. ఆ మందు రాసే అర్హత లేదన్నదే సరిపోయింది. అయితే ఊరి వైద్యుడు చీటీ రాయడు, బిల్లు ఇవ్వడు. ఇంజక్షను ఎవరు వేశారో, ఏది వేశారో చూపడానికి ఏమీ మిగలదు. మందు సీసాలు, అట్టలు పారవేయకుండా ఉంచుకోవడం అందుకే అవసరం.

ఏ తలుపు తట్టాలి?

పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ దగ్గరి దారి. పూర్వం ఫోరం అన్నదే 2020 జులైలో కొత్త చట్టం అమలుకు వచ్చాక కమిషన్ అయింది. మరణించినవారి వారసులు ఫిర్యాదు చేయవచ్చు. ఆసుపత్రి ఎక్కడ ఉన్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే దాఖలు చేసుకునే వీలు కొత్త చట్టం కల్పించింది. ఆసుపత్రికి చెల్లించిన మొత్తం 50 లక్షలకు మించకపోతే జిల్లా కమిషనే విచారిస్తుంది. చెల్లించినది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గాని దానిమీద ఆధారపడరాదు.

జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆసుపత్రి సేవల తగాదాలను శాశ్వత లోక్ అదాలత్ కూడా కోర్టు ఫీజు లేకుండా చేపడుతుంది. రాజీ కుదరకపోతే తానే తీర్పు చెప్పే అధికారం దానికి ఉంది. వైద్యమండలికి ఫిర్యాదు చేస్తే డాక్టరు రిజిస్ట్రేషనుపై చర్య ఉండవచ్చు గాని కుటుంబానికి డబ్బు రాదు.

చాలామంది మొదట పరుగెత్తేది పోలీసు స్టేషనుకు. డాక్టరును జైలుకు పంపడం పరిహారం పొందడం కంటే చాలా కష్టం. లూథియానాలో 1995లో ఊపిరి అందని వృద్ధుడికి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉన్నదన్న కేసులోనే, డాక్టరుపై క్రిమినల్ కేసును సుప్రీంకోర్టు 2005లో కొట్టివేసింది. శిక్ష పడాలంటే నిర్లక్ష్యం మామూలుది కాక ఘోరమైనదై ఉండాలని, కేసు నడపడానికి ముందు పోలీసులు మరో నిష్పాక్షికమైన డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. వీలైతే ఆ డాక్టరు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాడై ఉండాలంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం చికిత్సలో నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన డాక్టరుకు రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పోలీసు కేసు కొట్టివేసినంత మాత్రాన పరిహారం దారి మూసుకుపోదు.

మొదటి మూడు రోజులు

కేసు బలమంతా మరణించిన తరువాతి మూడు రోజుల్లోనే తేలిపోతుంది. అడిగిన 72 గంటలలోగా చికిత్స రికార్డులు ఇవ్వాలని భారత వైద్యమండలి 2002 నిబంధనలు డాక్టర్లను ఆదేశిస్తున్నాయి. ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేసినవారి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని కూడా అవే చెబుతున్నాయి. నోటిమాటగా అడిగితే రుజువు ఉండదు. తేదీ వేసి రాతపూర్వకంగా అడిగి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే రిజిస్టరు పోస్టులో పంపాలి. కేస్ షీటు, నర్సులు గంటగంటకు రాసే చార్టు, పరీక్షల రిపోర్టులు, ఆపరేషనుకు తీసుకున్న అంగీకార పత్రం, మందుల బిల్లులు అన్నీ కావాలి. అడిగినా ఇవ్వకపోతే ఆ సంగతే కోర్టులో ఆసుపత్రికి వ్యతిరేకంగా వాదించడానికి పనికివస్తుంది.

పోస్టుమార్టం అంటే శవాన్ని కోస్తారన్న బాధ ఏ ఇంటికైనా సహజమే. కాని మరణకారణం తెలియకపోతే "గుండె ఆగి చనిపోయాడు" అన్న ఒక్క వాక్యం దగ్గరే ఆసుపత్రి వాదన ఆగుతుంది. దాన్ని కాదనడానికి కుటుంబం దగ్గర ఏమీ ఉండదు. అనుమానం గట్టిగా ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుమార్టం కోరడమే మార్గం.

కాగితాలు పట్టుకుని వచ్చాక రుజువు భారం అంతా కుటుంబం నెత్తినే ఉండదు. నిర్లక్ష్యం జరిగినట్లు తొలి ఆధారాలు చూపగలిగితే, తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకునే బాధ్యత ఆసుపత్రి మీదకు మళ్లుతుంది. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది కూడా హైదరాబాదు కేసులోనే. నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషనుతో నడుము కింది భాగం చచ్చుబడిన విద్యార్థికి ఆ తీర్పులో కోటి రూపాయల పరిహారం దక్కింది.

గేటు ముందు గొడవ వల్ల ఈ పనులలో ఒక్కటీ జరగదు. పైగా ఆసుపత్రులపై దాడులకు 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. న్యాయం అడగవలసిన కుటుంబమే ముద్దాయిల జాబితాకు ఎక్కుతుంది. ఇక "ఎటువంటి ఫిర్యాదు లేదు" అని రాసిన కాగితం మీద పడిన వేలిముద్ర రేపు కమిషన్‌లో ఆసుపత్రి వకీలు తీసే మొదటి కాగితం అవుతుంది.

కోర్టు దారి చిన్నది కాదన్నది దాచవలసిన పని లేదు. కమిషన్ మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా జ్వరం కేసుకు మరణం నుంచి చివరి తీర్పు వరకు దాదాపు 8 ఏళ్లు, డెంగీ కేసుకు 9 ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఏళ్లన్నింటిలో సాక్షుల జ్ఞాపకం మసకబారుతుంది, డాక్టర్లు ఊళ్లు మారతారు, ఆసుపత్రి రికార్డుకు మూడేళ్ల గడువు దాటిపోతుంది. మొదటి వారంలో చేతికి తెచ్చుకున్న కేస్ షీటు నకలు మాత్రం కుటుంబం పెట్టెలో మారకుండా ఉంటుంది.